మిగిలిన సోర్‌డో స్టార్టర్‌తో ఐరిష్ సోడా బ్రెడ్: బెజవాడ, గుంటూరు వంటిళ్లకు సరిపడే పద్ధతి

ఇంట్లో సోర్‌డో బ్రెడ్ కాల్చడం మొదలుపెట్టిన వాళ్లకి నెల తిరక్కుండానే ఫ్రిజ్‌లో ఒక సీసా నిండుతుంది. అది స్టార్టర్‌లోంచి, అంటే రొట్టెని పొంగించడానికి పిండి, నీళ్లు కలిపి పులియబెట్టి పెంచే ముద్దలోంచి, తీసి పక్కన పెట్టిన పిండి. 50 గ్రాముల స్టార్టర్‌కి 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలిపితే 150 గ్రాములవుతుంది. మళ్లీ పిండి వేసేముందు అందులో 100 గ్రాములు తీసెయ్యాల్సిందే. చల్లటి ఊళ్లలో రోజుకి ఒకసారి వేస్తే చాలు. మే నెల బెజవాడలో వంటింటి వేడికి స్టార్టర్ మూడు నాలుగు గంటల్లోనే పొంగి, దిగి, పుల్లబడిపోతుంది. బయట ఉంచితే రోజుకి రెండుసార్లు చూసుకోవాలి. రెండు రోజుల్లో పావు కిలో పైన మిగులుతుంది. పారబొయ్యడానికి చెయ్యి రాదు, దోసెల్లో ఎన్నాళ్లని కలుపుతాం?

ఆ మిగులు బాగా ఒదిగిపోయే రొట్టె సోడా బ్రెడ్. ఈస్టు అక్కర్లేదు, పిసకడం లేదు, పొంగేదాకా కాచుక్కూచోవడం లేదు. కొలతలు తీసుకున్న దగ్గర్నుంచి గంటంబావులో రొట్టె బయటికొస్తుంది. అయితే మొదలుపెట్టేముందు ఒక సంగతి తలకెక్కాలి. ఈ రొట్టెలో స్టార్టర్ పని పొంగించడం కాదు, పులుపివ్వడం. పొంగించేది తినే సోడా. ఈ తేడా పట్టుకోకుండా "స్టార్టర్ వేశాం కదా, సోడా తగ్గిద్దాం" అనుకున్న వాళ్ల రొట్టె ఇటుకలా వస్తుంది. "ఎందుకైనా మంచిది, ఇంకో అరచెంచా సోడా" అనుకున్న వాళ్లది సబ్బులా వస్తుంది.

అసలు రొట్టె ఎలాంటిది

ఐర్లండ్‌లో సోడా బ్రెడ్ 1830ల తర్వాత వాడుకలోకి వచ్చింది. అప్పుడే వంట సోడా జనానికి అందుబాటులోకి వస్తోంది. అక్కడ పండే గోధుమ మెత్తరకం, జిగురు తక్కువ. ఈస్టుతో పొంగించే రొట్టెకి అది అంతగా నప్పదు, సోడా రొట్టెకి సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో చిలికిన మజ్జిగ ఎలాగూ ఉండేది. పొయ్యిలో పీట్ (చిత్తడి నేలల్లోంచి తవ్వి ఎండబెట్టి వాడే మట్టిలాంటి వంటచెరకు) నిప్పు ఉండేది. పిండి, మజ్జిగ, సోడా, ఉప్పు: ఈ నాలుగే అసలు సరుకులు. గుడ్డు, చక్కెర, వెన్న, ఎండుద్రాక్ష కలిపితే రుచిగా ఉండొచ్చుగానీ పాతకాలపు పద్ధతిలో అది కేకు కింద లెక్క. స్టార్టర్ కలపడం కూడా సంప్రదాయం కాదు. మజ్జిగ చేసే పనిలో సగం దానికి అప్పగిస్తున్నాం, అంతే.

దాన్ని కాల్చిన పాత్ర మాత్రం మనకి కొత్తది కాదు. బాస్టిబుల్ అని మూడు కాళ్ల బరువైన ఇనుప పాత్ర. నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసేవాళ్లు. దళసరి మూకుట్లో పిండి పోసి, మూత మీద నిప్పులేసి కాల్చిన దిబ్బరొట్టె ఎరిగిన వాళ్లకి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

కావలసినవి

ఒక రొట్టెకి, అంటే ఆరుగురికి సరిపడా:

మిగిలిన స్టార్టర్ – 200 గ్రాములు (పిండి, నీళ్లు సమానంగా ఉన్నది)
మైదా – 200 గ్రాములు
గోధుమపిండి – 150 గ్రాములు
పుల్ల పెరుగు – 170 గ్రాములు
నీళ్లు – 80 మిల్లీలీటర్లు (ఇందులో 30 చివరిదాకా పక్కన ఉంచండి)
తినే సోడా – 4 గ్రాములు (గీటిన ముప్పావు టీస్పూను కంటే పిసరు ఎక్కువ)
ఉప్పు – 7 గ్రాములు (గీటిన టీస్పూను, ఇంకో పావు)

స్టార్టర్‌లోని 100 గ్రాముల పిండితో కలిపితే మొత్తం పిండి 450 గ్రాములు. మూల పద్ధతిలో ఉండే కొలత కూడా దాదాపు ఇదే. మీ స్టార్టర్ గట్టిగా ఉంటే నీళ్లు పెంచుకోవాలి, జారుగా ఉంటే తగ్గించుకోవాలి. త్రాసు వాడండి. స్టార్టర్‌ని కప్పుతో కొలవద్దు: పొంగిన స్టార్టర్ కప్పు నిండా గాలే ఉంటుంది, దిగినది అదే కప్పులో దాదాపు రెట్టింపు తూగుతుంది.

స్టార్టర్. వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఉన్నదైనా పనికొస్తుంది. ఇంకా చెప్పాలంటే పాతదే మేలు, పులుపెక్కువ. జిగురు చచ్చి సాగకుండా పోయిందని బెంగ వద్దు, సోడా రొట్టెకి జిగురు బలం అక్కర్లేదు. పైన బూడిదరంగు నీరు తేలితే కలిపేసుకోవచ్చు. గులాబీ, నారింజ రంగు చారలు కనిపించినా, బూజు నూగులా లేచినా సీసా మొత్తం పారబొయ్యండి. పైపైన తీసేసి వాడటం కుదరదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గంట తర్వాత వాడండి. మంచుముద్దలా ఉన్న స్టార్టర్ వేస్తే అంచులు కాలినా నడిమి భాగం పచ్చిగా ఉండిపోతుంది.

పిండి. మన మైదా సోడా రొట్టెకి బాగానే కుదురుతుంది. అచ్చంగా మైదాతో చేస్తే తెల్లగా, కాస్త చప్పగా వస్తుంది. గోధుమపిండి కలిస్తే ఐర్లండ్ గోధుమ రొట్టె వాసన దగ్గరపడుతుంది. అయితే మర పట్టించిన గోధుమపిండి నీళ్లు బాగా తాగుతుంది, రాళ్ల మధ్య నలిగేటప్పుడు అందులోని గంజి పదార్థం దెబ్బతింటుంది కాబట్టి. విదేశీ కొలతలు చూసి చేసిన వాళ్లకి ముద్ద రాయిలా రావడానికి సగం కారణం ఇదే. గోధుమపిండి 200 దాటిస్తే నీళ్లు మరో 20–30 మిల్లీలీటర్లు పెంచండి. పొట్టు పడేస్తారేమో, జల్లించి పొట్టు తియ్యకండి. ఆ పొట్టులోనే రుచి ఉంది.

పెరుగు. విదేశీ వంటకాల్లో "మజ్జిగ" అని కనిపిస్తే మన చెంబులో మజ్జిగ అనుకోవద్దు. మనం తాగే మజ్జిగలో ముప్పాతిక నీళ్లే, పులుపు చాలదు. నిన్న తోడేసి ఫ్రిజ్‌లో పెట్టకుండా వదిలేసిన గడ్డపెరుగు కావాలి. ఎండాకాలంలో మధ్యాహ్నానికే పుల్లబడుతుంది. చలికాలంలో రాత్రంతా బయట ఉంచాలి. ప్యాకెట్ పెరుగు, అది విజయ అయినా సంగం అయినా, తియ్యగా ఉండేలా చేస్తారు. ఆరేడు గంటలు బయట పెట్టి వాడండి. వేళ లేకపోతే ఒక పెద్ద చెంచా నిమ్మరసం పిండండి, దాదాపు 1 గ్రాము సోడాకి సరిపడా పులుపు అందులో ఉంటుంది. వెన్న చిలికిన తర్వాత మిగిలిన చిక్కటి మజ్జిగ ఇంట్లో ఉంటే పెరుగు, నీళ్లు రెండిటి బదులు 250 మిల్లీలీటర్లు అదే పొయ్యండి.

సోడా. కిరాణా కొట్లో "తినే సోడా" అని అడగండి. వట్టి "సోడా" అంటే కొన్ని చోట్ల చాకలి సోడా పొట్లం కడతారు. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పులుపు ముందే కలిసి ఉంటుంది. ఈనో కూడా అంతే, ఢోక్లాకి పనికొస్తుంది, ఇక్కడ వద్దు. వర్షాకాలంలో తెరిచి పెట్టిన పొట్లం గడ్డకడుతుంది. చెంచా స్టార్టర్‌లో చిటికెడు సోడా వేసి చూడండి. వెంటనే నురగలా లేస్తే సోడా, పులుపు రెండూ బాగున్నట్టు. బద్ధకంగా రెండు బుడగలు తేలితే వాటిలో ఒకటి పాడైంది.

సోడా లెక్క ఎందుకంత ముఖ్యం

84 గ్రాముల సోడా గుణాన్ని పూర్తిగా విరవాలంటే 90 గ్రాముల లాక్టిక్ ఆమ్లం (పెరుగుకి పులుపునిచ్చేది) కావాలి. అంటే 4 గ్రాముల సోడాకి సుమారు 4.3 గ్రాములు. బాగా పులిసిన పెరుగులో నూటికి ఒక గ్రాము చొప్పున ఆ ఆమ్లం ఉంటుందనుకుంటే 170 గ్రాముల్లో 1.7 గ్రాములు. మిగతాది స్టార్టర్ ఇవ్వాలి. 200 గ్రాముల పాత స్టార్టర్ ఆ కొరతని చాలావరకు తీరుస్తుంది, ఇవాళే పిండి వేసిన తాజాది తీర్చలేదు. విరగని సోడా ఓవెన్ వేడికి సోడియం కార్బొనేట్‌గా మారుతుంది. సోడియం కార్బొనేట్ అంటే ఎవరో కాదు, మన చాకలి సోడానే. రొట్టె సబ్బు రుచి వస్తోందని వాపోయేవాళ్లు తెలియకుండా నిజమే చెబుతున్నారు. ఇడ్లీపిండిలో సోడా ఎక్కువైనప్పుడు పడే పసుపు మచ్చలు, రొట్టె కోసినప్పుడు కనిపించే పసుపు చారలు, రెంటికీ కారణం ఒకటే.

అందుకే స్టార్టర్ తాజాగా, పెరుగు తియ్యగా ఉన్న రోజు 3 గ్రాములకి దిగండి. రెండూ ముక్కుపుటాలు అదిరేంత పుల్లగా ఉంటే 5 దాకా వెళ్లొచ్చు. అంతకు మించి ఎప్పుడూ వద్దు.

కలపడం, కాల్చడం

ముందు ఓవెన్. ఓటీజీని (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌ని) 220 డిగ్రీలకి పెట్టి, కింది పైన రెండు కడ్డీలూ వెలిగేలా తిప్పి, 20 నిమిషాలు వదిలెయ్యండి. ఎర్ర లైటు ఆరగానే వేడెక్కిందనుకోకండి, గోడలు వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది. ట్రే కూడా లోపలే వేడెక్కనివ్వండి. జాలీని మధ్యకి ఒక మెట్టు కింద పెట్టండి. ఎండాకాలం కరెంటు పోయే వేళలు మీకు తెలిసే ఉంటాయి, ఆ వేళకి పిండి కలపకండి. కలిపిన ముద్ద ఐదు నిమిషాల్లో వేడిలోకి వెళ్లాలి. అరగంట ఆగితే వాయువంతా పోతుంది, మళ్లీ సోడా వేసి బతికించలేం.

సోడాని అరచేతిలో వేసి చెంచా వెనక భాగంతో నలపండి, పలుకు తగలకూడదు. మైదా, గోధుమపిండి, ఉప్పు, సోడా వెడల్పాటి బేసిన్‌లో వేసి చేత్తో పైకెత్తి వదులుతూ నిమిషం కలపండి. ఈ నిమిషం తగ్గించుకుంటే తర్వాత రొట్టెలో గోధుమరంగు చుక్కలు, ఆ చుక్క నోట్లో పడితే చేదు.

వేరే గిన్నెలో స్టార్టర్, పెరుగు, 50 మిల్లీలీటర్ల నీళ్లు కవ్వంతో చిలకండి. స్టార్టర్ ఉండలు పూర్తిగా కరగాలి. తర్వాత కరిగించే అవకాశం లేదు.

పిండి మధ్యలో గుంట చేసి తడి మొత్తం ఒకేసారి పొయ్యండి. చేతివేళ్లు విడదీసి, గోళ్లలా వంచి, మధ్యలోంచి అంచులకి గుండ్రంగా తిప్పండి. ఇరవై, ముప్ఫై చుట్లు. అడుగున పొడిపిండి మిగిలితే పక్కన ఉంచిన నీళ్లు చెంచా చెంచాగా చల్లండి. ముద్ద చపాతీ పిండి కంటే బాగా మెత్తగా, గారెల పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. చేతికి అంటుకుంటూనే ఉండాలి, కానీ పరుచుకుపోకూడదు. మన చేతికి పిండి కనబడితే చాలు, మర్దించాలనిపిస్తుంది. ఆ అలవాటే ఈ రొట్టెకి శత్రువు. చపాతీకి కావాల్సిన సాగుడు ఇందులో పుడితే రొట్టె రబ్బరులా బిగుస్తుంది. నున్నగా రాలేదని చూసుకోకండి, గరుకుగా ఉన్న పైభాగమే కాలాక కరకరలాడే భాగం.

పీట మీద బటర్ పేపర్ పరిచి, పిండి చల్లి ముద్దని దింపండి. పైన కూడా పిండి చల్లి, అరచేతుల్తో అంచులు లోపలికి నెడుతూ 18 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా సరిచెయ్యండి. ఇంకా ఎత్తుగా ఉంచితే లోపల ఉడకదు. పిండిలో ముంచిన కత్తితో అంచు నుంచి అంచుకి అడ్డంగా, నిలువుగా కొయ్యండి, లోతు మూడింట రెండొంతులు. అక్కడి వాళ్లు ఆ నాలుగు భాగాల్లోనూ కత్తిమొనతో ఒక్కో పోటు పొడిచి, లోపలి ఫెయిరీలు (వాళ్ల జానపద కథల్లోని మాయజీవులు) బయటికిపోవడానికి అంటారు. వంటకి సంబంధించిన కారణం వేడి నడిమి దాకా పోవడం. కోత లేని రొట్టె దానికి ఇష్టమొచ్చిన చోట పక్కనుంచి పగులుతుంది.

వేడి ట్రే మీద బటర్ పేపర్‌తో సహా జార్చి, 220 దగ్గర 15 నిమిషాలు, తర్వాత 200కి తగ్గించి 25 నుంచి 30 నిమిషాలు. ఓటీజీల్లో పైకడ్డీ రొట్టెకి మరీ దగ్గరగా ఉంటుంది. 20 నిమిషాలకే పైన నల్లబడుతుంటే అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. చివరి ఐదు నిమిషాలు తలకిందులుగా తిప్పి పెడితే అడుగు తడి ఆరుతుంది. తీసి వెనక తడితే డొల్ల చప్పుడు రావాలి. వంట థర్మామీటర్ ఉంటే చప్పుడు మీద ఆధారపడనక్కర్లేదు, నడిమిలో 95 డిగ్రీలు చూపిస్తే అయినట్టే. స్టార్టర్ కలిసిన రొట్టె మామూలుదానికంటే తడి పట్టి ఉంటుంది కాబట్టి ఈ కొలత బాగా అక్కరకొస్తుంది.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మాత్రమే వాడాలి. మైక్రోవేవ్, కన్వెక్షన్ రెండూ కలిసి పనిచేసే మీట నొక్కితే లోపల తోలులా, పైన పాలిపోయి వస్తుంది. చాలావాటిలో 200 దాటదు. పొట్టి స్టాండు మీద పెట్టి మొత్తం 50 నిమిషాలు లెక్కేసుకోండి.

ఆరడం. ఎంత ఆకలేసినా 45 నిమిషాలు కొయ్యకండి. వేడిమీద కోస్తే కత్తికి జిగురు అంటుకుంటుంది, కాలలేదేమో అని మళ్లీ ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టేస్తారు. పైభాగం కరకరలాడాలంటే జాలీ మీద ఆరబెట్టండి. మెత్తగా, పెద్దవాళ్లు నమలగలిగేలా కావాలంటే శుభ్రమైన నూలు గుడ్డ చుట్టి పెట్టండి.

ఓవెన్ లేకపోతే

ఓవెన్ లేదని ఆగక్కర్లేదు. ఉత్తర ఐర్లండ్‌లో ఇదే ముద్దని పెనం మీద కాలుస్తారు. గుండ్రంగా పరిచి నాలుగు ముక్కలు చేసిన దాన్ని ఫార్ల్ అంటారు, ఆ మాటకి అర్థమే నాలుగో భాగం. బెజవాడ వేసవిలో వంటింట్లో ఓవెన్ వెలిగించడం కంటే ఇదే తెలివైన పని. నిజం చెప్పాలంటే రుచిలో కూడా ఇది ఏమీ తీసిపోదు.

సగం కొలతలు తీసుకోండి. ముద్దని ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన పరిచి నాలుగు చెయ్యండి. దళసరి ఇనుప పెనాన్ని సన్నసెగ మీద ఐదు నిమిషాలు కాచి, చిటికెడు మైదా చల్లండి. నిమిషానికి లేత గోధుమరంగు తిరిగితే సరైన వేడి, పది సెకన్లలోనే నల్లబడితే ఎక్కువ. నూనె వద్దు. ఒక్కో వైపు 8 నిమిషాలు, తిప్పాక మూత పెట్టకుండా. చివర్లో పట్టకారుతో నిలబెట్టి కోసిన అంచుల్ని కూడా నిమిషం చొప్పున ఆనించండి. అక్కడే పచ్చి మిగిలేది.

గుండ్రటి రొట్టే కావాలంటే దిబ్బరొట్టె మూకుడు తియ్యండి. చెంచా నూనె రాసి, సగం కొలత ముద్దని రెండున్నర సెంటీమీటర్ల మందాన సర్ది, మూత పెట్టి, సన్నసెగ మీద 20 నిమిషాలు, తిప్పి మరో 12–15 నిమిషాలు. అడుగు మాడే స్టవ్ అయితే మూకుడు కింద పాత పెనం ఒకటి వేసుకోండి. మూత మీద చేరిన నీళ్లు రొట్టె మీద కారకుండా మధ్యలో ఒకసారి తుడవాలి.

తేడా వస్తే

గట్టిగా, ఎత్తులేకుండా వచ్చిందా? చాలాసార్లు కారణం చెయ్యే: ఎక్కువ పిసికారు, లేదా కలిపాక ఆలస్యం చేశారు. ఆ రెండూ కాకపోతే సోడా పాతది. ముద్ద పొడిగా ఉన్నా ఇలాగే అవుతుంది, గోధుమపిండి నీళ్లు ఎంత తాగుతుందో రకాన్ని బట్టి మారుతుంది.

నడిమిలో తడిగా, బంకగా ఉందా? స్టార్టర్ చల్లగా పడి ఉండాలి, లేదా రొట్టె ఎత్తు ఎక్కువై ఉండాలి. ఓటీజీ చూపించే అంకె నిజం కాకపోవచ్చు కూడా. 10–20 డిగ్రీలు తేడా మామూలే, లోపల పెట్టే చిన్న థర్మామీటర్ ఆ సందేహం తీరుస్తుంది.

పళ్లెంలా పరుచుకుపోతే తడి ఎక్కువైంది. స్టార్టర్ వేసవిలో బాగా పులిసి నీరు విడిస్తే ఇలా జరుగుతుంది, ఈసారి నీళ్లు 50తోనే ఆపండి. మరీ పుల్లగా ఉంటే సోడా పెంచకముందు స్టార్టర్‌ని 150 గ్రాములకి తగ్గించి, ఆ లోటుకి పిండి 25, నీళ్లు 25 కలపండి. పాలిపోయి, రంగు రాకపోతే అది కూడా పులుపు ఎక్కువైనందుకే. పులుపు మిగిలిన పిండి త్వరగా ఎర్రబడదు.

తోడు, నిలవ

అక్కడ ఉప్పు వెన్న రాసుకుని సూపుతో తింటారు. ఇక్కడ వేడి ముక్క మీద వెన్న, పైన గుంటూరు కారప్పొడి చిటికెడు పడితే రొట్టె పులుపుకి ఒక దిక్కు దొరుకుతుంది. కందిపొడి, నెయ్యి ఇంకా బాగుంటుంది. గోంగూర పచ్చడి మాత్రం వద్దు, పులుపు మీద పులుపు. కోడి కూరలో ముంచుకుంటే ముక్క ఇట్టే నానుతుంది. తీపి కావాలనుకుంటే 80 గ్రాముల ఎండుద్రాక్ష పొడిపిండిలోనే కలిపెయ్యండి. తడిలో వేస్తే అడుగుకి చేరతాయి. వాము అరచెంచా వేసినా, షాజీరా వేసినా బాగానే ఉంటుంది.

నూనె, కొవ్వు లేని రొట్టె కాబట్టి రెండోరోజుకే ఎండుతుంది. వర్షాకాలంలో మూడోరోజుకి బూజు పట్టొచ్చు. మొదటి రోజు గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి, మిగిలింది అదే రాత్రి ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టండి. ఫ్రిజ్ మామూలు అరలో పెడితే ఇంకా తొందరగా బిరుసెక్కుతుంది. ఫ్రీజర్ ముక్కని కరగనివ్వకుండానే పెనం మీద రెండు వైపులా మూడేసి నిమిషాలు కాల్చుకోవచ్చు. మరీ ఎండిన ముక్కల్ని చేత్తో నలిపి, ఆవాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపులో వేసి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి ఉప్మాలా కలపండి. నిమ్మకాయ పిండక్కర్లేదు, పులుపు అందులోనే ఉంది.